కప్పగుట్ట మీద సేషూ చేతులు

కప్పగుట్ట మీద ఇప్పుడు మునిసిపాలిటీవాళ్ళు ఇనప రెయిలింగు వేశారు. నాణెం వేస్తే తెరుచుకునే దూరదర్శిని పెట్టారు. నీడకు రేకుల కప్పు, కూర్చోవడానికి బెంచీలు, చల్లటి టీ సీసాలిచ్చే మిషను. ఆదివారం పూట జనం పిల్లాపాపలతో వచ్చి, కంచె అవతల రన్‌వే మీద దిగే యుద్ధవిమానాలను చూసి, చేతులూపి, ఫోటోలు దిగి వెళ్తారు. ఏ విమానం పేరేమిటో బోర్డు మీద రంగుల బొమ్మలతో రాసి పెట్టారు. ఆ రన్‌వే కింద ఏ ఊళ్ళుండేవో మాత్రం రాయలేదు. రాయమని భూములు పోయినవాళ్ళ మా సంఘం అడిగితే, "బోర్డు మీద చోటు చాలదండీ" అన్నారు.

మా రోజుల్లో ఆ గుట్ట మీద ఏమీ లేదు. ఎండకు కాగిన సున్నపురాయి, ముళ్ళపొదలు, ఒక పక్కన ఉషక్క తోపుడుబండి. నల్లబెల్లం కలిపిన పిండి ఉండలు నూనెలో వేయించి అమ్మేది ఉషక్క. మా ఒకినావా దీవిని అమెరికా జపాన్‌కు తిరిగి అప్పగించి అప్పటికి కొన్నేళ్ళే అయింది. జెండా మారింది, కంచె మారలేదు. కంచె లోపల అమెరికావాళ్ళు, కంచె బయట మేము, గుట్ట మీద కొంగలు.

కొంగలంటే విమానాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. పొద్దస్తమానం మెడలు చాచుకుని నిలబడతారని మేం పెట్టిన పేరు. జపాన్ పెద్ద దీవుల నుంచి ఓడెక్కి వచ్చేవాళ్ళు కొందరు, నహా నగరం నుంచి మోటారు సైకిళ్ళ మీద వచ్చేవాళ్ళు కొందరు. చేతిలో పొడుగు గొట్టాల కెమెరాలు. వాళ్ళ మీద నాకు కోపం ఉండాలి. ఆ విమానాలు వియత్నాం మీదికి వెళ్ళొచ్చిన విమానాలు, ఆ రన్‌వే మా ఇరిబారు ఊరి వీపు మీద వేసిన రన్‌వే. కానీ నిజం చెప్పాలి. నేనూ సహకార దుకాణంలో కౌంటరు మూసేసి సాయంత్రం పూట ఆ గుట్టెక్కేదాన్ని. వేడి ఉండ చేతిలో పట్టుకుని, సముద్రం మీద ఒక చుక్క పెద్దదవుతూ రావడం చూస్తుంటే గుండెలో ఏదో లేచేది. ఈ వయసులో కూడా నూనె కాగే వాసన తగిలితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ చుక్కే. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, మళ్ళీ ఆ సాయంత్రాలు కావాలనీ అనిపిస్తుంది. ఏం చెయ్యను.

ఆ గుట్ట మీద అందరికీ ఇష్టుడు ఉషక్క తమ్ముడు సేషూ. ముప్పై దాటినవాడు, చెవుల దగ్గర జుట్టు అప్పుడే నెరిసింది. బండి పక్కన బోర్లించిన సీసాల పెట్టె మీద కూర్చుని ఉండేవాడు. పెడితే తినేవాడు, లేపితే లేచేవాడు, పిండి కలపమంటే కలిపేవాడు. మాట్లాడగా ఎవరూ వినలేదు. ఉన్నట్టుండి రెండు చేతులూ ఎత్తి చెవులు గట్టిగా మూసుకునేవాడు. అప్పటికి ఆకాశంలో ఏమీ ఉండదు. గాలి, సముద్రం, అంతే.

"సిద్ధం కండి! సేషూ చేతులెత్తాడు!" అని కురోకి అరిచేవాడు. క్యూషూ దీవి నుంచి వచ్చిన బొద్దు మనిషి, కొంగలకు పెద్ద. అందరూ కెమెరాలు సర్దుకునేవాళ్ళు. సిగరెట్టు వెలిగించి రెండు దమ్ములు లాగేంత సేపు ఏమీ ఉండేది కాదు. అప్పుడు వినబడేది మాకు మోత.

ఒక్కసారి కూడా తప్పలేదు. గాలి ఎటునుంచి వీచినా, ఏ విమానమైనా, సేషూకు ముందు, మాకు తర్వాత.

"ఉషీ, నీ తమ్ముణ్ణి నాకిచ్చెయ్యి. మా ఊరు తీసుకెళ్తా. వీడుంటే రాడారు దండగ" అన్నాడొకసారి కురోకి.

"తీసుకెళ్ళు బాబూ. కానీ ఇక్కడున్నది సగమే. మిగతా సగం ఎవర్నడిగి తీసుకెళ్తావ్?" అంది ఉషక్క, నూనెలో ఉండలు తిప్పుతూ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఉషక్క నవ్వలేదని తర్వాత గుర్తొచ్చింది.

ఇంకో సంగతి కూడా ఆలస్యంగానే కనిపెట్టాను. విమానం వస్తున్నప్పుడు గుట్ట మీద తలలన్నీ పైకి లేస్తాయి. ఉషక్క తల మాత్రం లేవదు. ఆమె చూసేది నేలను. కంచె అవతల, రన్‌వేకూ విమానాలు నిలబెట్టే చోటుకూ మధ్య ఒక గడ్డిపట్టీ ఉండేది. అక్కడే చూపు.

ఒక సెలవు రోజున పొద్దున్నే గుట్టెక్కాను. అప్పుడు చూశాను ఆ నడక. రన్‌వే మీదా గడ్డిపట్టీలోనూ ఈ చివర నుంచి ఆ చివరకు వరసగా నిలబడ్డ సైనికులు, భుజానికి భుజం, తలలు వంచుకుని, మెల్లగా నడుస్తున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అప్పుడప్పుడు ఒకడు వంగుతాడు, ఏదో ఏరుతాడు, నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటాడు, మళ్ళీ నడుస్తాడు. పొద్దుటి ఎండలో వాళ్ళ నీడలు వాళ్ళకంటే ముందు పాకుతూ పోతున్నాయి.

"ఏం చేస్తున్నార్రా బాబూ వీళ్ళు?" అన్నాను.

"గులకరాళ్ళు ఏరుతున్నారు. రోజూ పొద్దున ఏరతారు. ఒక్క చిన్న రాయి ఇంజను లోపలికి పోయిందంటే ఇంజను పనైపోయినట్టే" అన్నాడు కురోకి.

ఉషక్క బండి దగ్గర నిలబడి ఉంది. పొయ్యి ఇంకా అంటించలేదు. చేతిలో అగ్గిపుల్ల కొసదాకా కాలి వేలు చురుక్కుమన్నా వదల్లేదు.

"మిచీ" అంది నన్ను. "ఆ రాళ్ళు ఎక్కడికి తీసుకెళ్తారే?"

"నాకేం తెలుసక్కా. పారేస్తారేమో."

"మా తమ్ముణ్ణి రోజుకింత మోసుకుపోతున్నారు" అంది.

మా దీవిలో మబూయి సంగతి తెలియనివాళ్ళు లేరు. మనిషి ఉలిక్కిపడితే లోపలి మబూయి, అంటే ఆత్మ, జారి ఆ చోటే పడిపోతుంది. మెట్ల మీద జారినా, కుక్క తరిమినా, సైకిలు మీంచి పడినా అంతే. మనిషి లేచి ఇంటికొస్తాడు, మబూయి అక్కడే ఉండిపోతుంది. అప్పుడు తల్లి ఆ చోటికే వెళ్ళి, అక్కడి రాళ్ళే మూడు ఏరి, పిల్లాడి చొక్కాలో మూటగట్టి, "మబూయీ, లేచి రా, అన్నం ఉడికింది, ఇంటికి రా" అని పిలుచుకుంటూ వెనక్కి చూడకుండా తీసుకొస్తుంది. మా అమ్మ నాకు చేసింది. పక్కింటివాళ్ళు వాళ్ళ పిల్లలకు చేశారు. సంఘంలో చేరాక నేను వాటిని పాతకాలపు మాటలనేదాన్ని. అన్నా కూడా, మెట్ల మీద పడ్డప్పుడు చెయ్యి దానంతటదే రాయి కోసం వెతికేది.

ఆ రోజు ఉషక్క చెప్పింది. బుల్‌డోజర్లు ఊళ్ళోకొచ్చిన ఏడు సేషూకు ఆరేళ్ళు. ఇళ్ళముందు సైనికులు తుపాకులు పట్టుకుని నిలబడ్డారు, వెనక నుంచి యంత్రాలు గోడలు తోశాయి. వాళ్ళమ్మ చిలగడదుంపల గంప సర్దుతూ, బావి దగ్గరున్న సేషూను బొక్కెన తెమ్మని కేకేసింది. అప్పుడే ఒక విమానం బావి గట్టు మీద మర్రిచెట్టంత ఎత్తున దూసుకుపోయింది. బొక్కెన పడింది, పిల్లాడు పడ్డాడు. లేపితే లేచాడు. కళ్ళలో ఎవరూ లేరు.

"అమ్మ వెనక్కి పరిగెత్తబోయింది, రాళ్ళు ఏరుకోడానికి. తుపాకీ అడ్డం పెట్టారు. మర్నాటికి కంచె లేచింది. తర్వాత అమ్మ రోజూ కంచె దగ్గర నిలబడి పిలిచేది. రాళ్ళు లేకుండా ఎట్లా వస్తుందే? పోయేముందు కూడా నా చెయ్యి పట్టుకుని, బావి దగ్గర, బావి దగ్గర అనే పోయింది."

"అయితే సేషూ చెవులు మూసుకునేది..."

"వాడు అక్కడే ఉన్నాడు కదే. ఆ బావి దగ్గరే. అక్కడికి మోత ముందొస్తుంది, మనకి తర్వాత వస్తుంది."

ఎండ బాగా ఎక్కింది. సీసాల పెట్టె మీద కూర్చున్న సేషూ వైపు చూడలేకపోయాను.

ఆ వేసవిలోనే కురోకి సంబరంగా కబురు తెచ్చాడు. పెద్ద పెద్ద రవాణా విమానాలు వస్తున్నాయట, వాటిని నిలబెట్టడానికి ఆ గడ్డిపట్టీ మొత్తం కాంక్రీటు చేస్తారట. కొంగలు పండగ చేసుకున్నాయి. ఉషక్క ఆ రోజు నూనె మాడ్చేసింది. అప్పటికే కొలతలు తీసేవాళ్ళు గడ్డిలో మేకులు పాతుతున్నారు. సేషూ అన్నం మానేశాడు. చేతులు చెవుల మీంచి దించడం లేదు. నోట్లో నీళ్ళు పోస్తే గుక్క మింగి, మళ్ళీ పళ్ళు బిగించేవాడు. డొక్కలు లోపలికి పోయాయి.

లోపలికి వెళ్ళడానికి ఒక్కటే దారి. ఏడాదికోసారి స్థావరం గేట్లు జనానికి తెరిచే పండగ. ఆ రోజు ఎవరైనా వెళ్ళొచ్చు, విమానాల దగ్గర నిలబడొచ్చు, కాల్చిన సాసేజీలు తినొచ్చు. ఆ ఏడు మా సంఘం ఆ పండగను బహిష్కరించమని పిలుపిచ్చింది. గేటు ముందు కూర్చుని, వెళ్ళేవాళ్ళను వెళ్ళొద్దని అడగాలని తీర్మానం. తీర్మానం చదివింది నేనే.

"నేను లోపలికెళ్తున్నా" అంది ఉషక్క నాతో.

"అక్కా, నువ్వే వెళ్తే ఇంకెవర్ని ఆపుతాం మేము? నీ పొలమే పోయింది అందులో. వాళ్ళు పెట్టిన సాసేజీ తినడానికి..."

"సాసేజీ నీ మొహాన కొట్టుకో. మీ జెండా కింద మా తమ్ముడు లేడే. ఆ గడ్డిలో ఉన్నాడు. కాంక్రీటు పోశాక ఏ తీర్మానం చదివి వాణ్ణి లేపుతావో చెప్పు, ఆగిపోతా."

తీర్మానం కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

పండగ రోజు గేటు ముందు అట్టలు పట్టుకుని కూర్చున్నాం. మా సంఘం పెద్ద మతయోషి మాస్టారు మైకు గొట్టంలో మాట్లాడుతున్నారు. జనం తలలు దించుకుని మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు. వాళ్ళలో ఉషక్క. చేతిలో అన్నం డబ్బా. అందులో అన్నం లేదని, సేషూ చిన్నప్పటి చొక్కా ఉందని నాకొక్కదానికే తెలుసు.

"యోనామినే ఉషీ! నీక్కూడా సిగ్గు లేకపోతే ఎట్లా!" గొట్టంలోంచే అరిచారు మాస్టారు.

"సిగ్గు ఇంట్లో పెట్టి వచ్చా మాస్టారూ, వచ్చాక వేసుకుంటా" అంది ఉషక్క, నడక ఆపకుండా.

నేను లేచాను. అట్ట పక్కవాళ్ళ చేతిలో పెట్టి ఆమె వెనకాలే వెళ్ళాను. మాస్టారు నాతో చాలా కాలం మాట్లాడలేదు.

లోపల బ్యాండు మోగుతోంది. విమానం నడిపేవాడి సీట్లోకెక్కి కూర్చోడానికి పిల్లలు బారులు తీరారు. అక్కడి కొంగల్లో కురోకి మమ్మల్ని చూసి చెయ్యూపాడు. గడ్డిపట్టీకి అడ్డంగా తాడు కట్టి ఉంది, కాపలాకి పాలబుగ్గల సైనికుడొకడు. ఉషక్క తాడు కిందనుంచి దూరింది. వాడు ఏదో అంటూ అడ్డమొచ్చాడు. ఉషక్క పొట్ట పట్టుకుని, మొహం బాధగా పెట్టి, లంగా కాస్త పైకి పట్టుకుని గడ్డిలో కూర్చోబోయింది. వాడి మొహం ఎర్రగా కందిపోయింది. గిరుక్కున అటు తిరిగి టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది.

ఉషక్క కూర్చునే గడ్డిలో జరుగుతూ పోయింది. ఒక చోట ఆగింది. బావి ఆనవాలేమీ లేదు. ఆమె ఎట్లా గుర్తుపట్టిందో అడగలేదు. చేతులతో గడ్డి విడదీసింది. మట్టి గోకింది. ఎంత గోకినా ఒక్క రాయి లేదు. ఇన్నేళ్ళు రోజూ ఏరి ఏరి, దువ్వెనతో దువ్వినట్టు ఆ నేలను నున్నగా చేసి పెట్టారు.

"లేవు మిచీ. ఒక్కటీ లేదు. ఒక్కటంటే ఒక్కటి..." అంటూనే మళ్ళీ గోకింది.

సైనికుడు వెనక్కి తిరిగాడు. ఆమె నేల గోకుతుంటే ఏదో పారేసుకుందనుకున్నాడు పాపం. దగ్గరికొచ్చి తనూ వంగి వెతకడం మొదలుపెట్టాడు. వంగినప్పుడు వాడి నడుముకున్న సంచి చప్పుడు చేసింది. ఆ పొద్దున ఏరిన రాళ్ళు. ఉషక్క చెయ్యి ఆ సంచిలోకి పోయింది. మూడు రాళ్ళు తీసింది. వాడు అర్థం కాక నవ్వాడు, తీసుకోమన్నట్టు తలూపాడు.

ఆ రాళ్ళు ఏ మూలవో, ఎవరి వాకిట్లోవో ఆలోచించే తీరిక లేదు. చొక్కాలో చుట్టి గుండెకు అదుముకుని, "మబూయీ, లేచి రా, అన్నం ఉడికింది" అని గొణుక్కుంటూ, వెనక్కి చూడకుండా, ఎవరి పలకరింపుకూ బదులు చెప్పకుండా ఇంటికి నడిచింది.

సేషూ తల మీద నీళ్ళు తట్టి, చొక్కా భుజాల మీద కప్పి, వేడి అన్నం ముద్ద నోటికందించింది. సేషూ ముద్ద మింగాడు. చేతులు చెవుల మీంచి మెల్లగా దిగాయి. ఇంట్లో చుట్టూ చూశాడు. ఆకాశం వైపు చూసి కళ్ళు చిట్లించాడు.

"మబ్బు పట్టింది. గంప మూశారా లేదా?" అన్నాడు.

ఉషక్క చేతిలో రెండో ముద్ద అట్లాగే ఉండిపోయింది. నేనే అన్నాను, "ఏ గంప, సేషూ?"

"కోడిపిల్లల గంప! తడిసి చస్తే ఎవరిది పాపం? ఒక్కదానికీ బాధ్యత లేదు ఈ కొంపలో."

గొంతు మగవాడిదే. విసుగు మాత్రం ఇంటెడు చాకిరీ చేసి అలిసిపోయిన ఆడదాని విసుగు. ఉషక్క వాణ్ణి కావలించుకుని ఏడుస్తూ నవ్వింది. తమ్ముడు మాట్లాడాడు, అంతకంటే ఏం కావాలి? నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆ ఇంట్లో ఎప్పుడూ కోళ్ళు లేవు. వాళ్ళు పందిని పెంచారు.

సేషూ అన్నం తిన్నాడు, ఒళ్ళు చేశాడు. తువ్వాలు తలకు ఆడవాళ్ళలా చుట్టుకునేవాడు. ఒక మోకాలు పైకెత్తి కూర్చుని, లేని కోళ్ళను "బా బా" అని పిలిచేవాడు. గుట్టకు రానన్నాడు. కురోకి ఇంటికొచ్చి, "మా సైరను మూగబోయింది, గురితప్పి ఫోటోలన్నీ తోకలే వస్తున్నాయి" అని మొత్తుకున్నాడు. "నీ బొజ్జ దించుకో ముందు, గంపకు అడ్డం నిలబడ్డావ్" అని కసిరాడు సేషూ.

కబురు పాకింది. అప్పుడు మొదలైంది ముసలమ్మల రాక. ఆ రన్‌వే కిందికి పోయింది మా ఒక్క ఊరే కాదు. తలో మూలకు తరిమిన ఊళ్ళవాళ్ళు, చేతికర్రలతో, బస్సుల్లో, ఒక్కొక్కరే వచ్చి ఉషక్క వరండాలో కూర్చునేవాళ్ళు. మాట్లాడరు. సేషూ మాటలు వింటారు. ఎవరి మనిషో అని చెవులు రిక్కించి వింటారు.

"నువ్వు మా త్సురువేనా అమ్మా?" అని ఒకావిడ అడిగేది, యుద్ధంలో పోయిన కూతుర్ని తలుచుకుని.

"నీకేం పనిలేదా ముసలీ? లేచి ఆ ధాన్యం ఎత్తు" అనేవాడు సేషూ.

ఆవిడ లేని ధాన్యం ఎత్తడానికి నిజంగానే లేచేది. ఆ వరండాలో మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్నా వెన్నులో చలి పుట్టేది.

ఒకరోజు కమదో అవ్వ కాకరకాయలు అమ్ముకుంటూ వచ్చింది. బస్టాపు దగ్గర ఒంటరిగా ఉండే మనిషి. మొగుడు పోయినరోజు కూడా కంట్లో తడి రాలేదని, రాతిగుండెదని ఊరంతా చెప్పుకునేది. గుమ్మంలో అడుగు పెట్టగానే లోపల్నుంచి వినబడింది, "గంప మూశారా లేదా? ఎర్రకోడి పిల్లలు, ఇంకా రెక్కలు రాలేదు వాటికి."

కాకరకాయలు నేల మీద దొర్లాయి.

"ఎర్రకోడి నాది" అంది కమదో అవ్వ. "గంప మూద్దామని వంగా. అప్పుడే నా నెత్తి మీంచి పోయింది అది. ఉషీ... ఆ మాట్లాడేది నేనేనే."

ఉషక్క తమ్ముడి ముందుకొచ్చి అడ్డంగా నిలబడింది.

"కాదు. వీడు మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్ళకి మాట్లాడుతున్నాడు అవ్వా!"

"వాడి నోరు, నా మాట."

"నాకొదిలెయ్యవా?"

కమదో అవ్వ చాలాసేపు సేషూనే చూసింది. మనం అద్దంలో చూసుకున్నట్టు కాదు, చాలా కాలం కిందట పోయిన అక్కచెల్లెల్ని చూసినట్టు. తర్వాత వంగి కాకరకాయలు ఏరుకోసాగింది. "సరేలే, ఉంచుకో. ఇన్నేళ్ళూ లేకుండానే బతికాగా. అలవాటైపోయింది" అంది. మామూలుగానే అంది. ఆ మామూలుతనమే ఉషక్కను కూల్చేసింది.

రాళ్ళు చుట్టి దాచిన సేషూ చొక్కా తెచ్చి విప్పింది. మూడు రాళ్ళు కమదో అవ్వ ఒళ్ళో పెట్టింది. పిలవడానికి ఆమెకు గొంతు రాకపోతే వరండాలో ముసలమ్మలందరూ కలిసి పిలిచారు. కమదో అవ్వ ముద్ద మింగింది. తర్వాత "అయ్యో, నా కోడిపిల్లలు" అంది. ఏడుపు మొదలైంది. ముందు కోడిపిల్లల కోసం, తర్వాత ఇంటి కోసం, ఆ తర్వాత మొగుడి కోసం. ఇరవై ఏళ్ళు దాటిన ఏడుపు సాయంత్రం దాకా ఆగలేదు.

వెనక మూలన సేషూ రెండు చేతులూ ఎత్తి చెవులు మూసుకున్నాడు. ఆకాశం ఖాళీ. ఎవరూ తలెత్తి చూడలేదు. వస్తుందని అందరికీ తెలుసు. వచ్చింది.

మర్నాడు ఉషక్క గేటు దగ్గరికి వెళ్ళింది. గడ్డిపట్టీలో యంత్రాలు అప్పటికే తవ్వుతున్నాయి. ఆమె వెనక కమదో అవ్వ, వరండా ముసలమ్మలందరూ. మా సంఘం కూడా అక్కడే ఉంది, మా అట్టలు పట్టుకుని.

"మీరు ఊడ్చిన రాళ్ళు మావి. ఇచ్చెయ్యండి" అంది ఉషక్క కాపలావాడితో.

మతయోషి మాస్టారు పరుగున వచ్చారు. "ఉషీ, మన డిమాండు భూమి! రాళ్ళంటావేంటి, నవ్విపోతారు!"

"భూమి మీరడగండి మాస్టారూ. మీ గొంతు పెద్దది. నాకు రాళ్ళు చాలు."

రాళ్ళు అడిగితే ఏం చెయ్యాలో వాళ్ళ చట్టంలో లేదు. దుబాసీని పిలిచారు. అధికారి వచ్చి విని, భుజాలెగరేసి, చెత్తే కదా అన్నాడు. అప్పటినుంచి రోజూ పక్క గేటు బయట ఒక గోనెసంచి పడేసేవాళ్ళు. పొద్దుటి నడకలో ఏరినవి, తవ్వకంలో లేచినవి అన్నీ కలిపి. భూమి కోసం మేం అన్నేళ్ళు కూర్చున్నా ఒక్క పిడికెడు మట్టి బయటికి రాలేదు. చెత్త అన్నాక సంచులకు సంచులు వచ్చింది. వాళ్ళ లెక్కలో మేమేంటో అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

ముసలమ్మలు సంచుల చుట్టూ కూర్చుని ఏరేవాళ్ళు. బియ్యంలో రాళ్ళు కాదు, రాళ్ళలో మనుషులు. ఎవరెవరికి ఏం దొరికిందో నేను చెప్పను, నా కళ్ళతో చూసిందొక్కటే చెప్తాను. ఒక సంచిలో తడి ఆరని నల్లటి ముక్కలు వచ్చాయి. ఒక వైపు పాచి, ఒక వైపు తాడు ఒరుసుకుని గాడి పడ్డ రాయి. ఉషక్క ఆ గాడిలో వేలు పెట్టి అట్లాగే ఉండిపోయింది. బావి గట్టు రాయి.

ఆ గట్టు ముక్కలు మూడు చొక్కాలో చుట్టి, మళ్ళీ గుట్ట మీద కూర్చుంటున్న సేషూ దగ్గరికి నడిచింది. పిలిచింది, ముద్ద పెట్టింది. సేషూ చేతులు చెవుల మీదే ఉన్నాయి. కురోకి కెమెరా దించి నిలబడ్డాడు. చాలాసేపు గడిచింది. సేషూ చేతులు దిగాయి. మేం చూస్తుండగా, ఏ హెచ్చరికా లేకుండా, మా నెత్తి మీదే పేలినట్టు ఒక విమానం దూసుకుపోయింది.

అందరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం. సేషూ మాతోపాటే ఉలిక్కిపడ్డాడు. ముందు కాదు. ఎగిరి ఉషక్క మెడ పట్టుకుని వేలాడాడు, నెరిసిన జుట్టు మనిషి.

"అక్కా! బొక్కెన పడిపోయింది!"

"పోనీలే నాన్నా. పోతే పోయింది."

"అమ్మ తిడుతుందా?"

"తిట్టదు."

"మరి ఇంటికెళ్దాం పద" అని ఆమె వేలు పట్టుకుని నడిచాడు. తిన్నగా, దారి తెలిసినవాడిలా, కంచె వైపు.

అదంతా జరిగి చాలా ఏళ్ళయింది. కురోకి పోయాడు, కమదో అవ్వ పోయింది, మతయోషి మాస్టారు పోయారు. కాంక్రీటు పోసింది పోసినట్టే ఉంది. ఉషక్కకు ఇప్పుడు కళ్ళు సరిగా కనబడవు. ఆదివారం పూట అక్కాతమ్ముళ్ళను నేనే గుట్టకు తీసుకెళ్తాను. జనం రెయిలింగు మీద వాలి ఆకాశంలోకి చూస్తుంటారు. సేషూ దూరదర్శినిలో నాణెం వేసి, నేల మీదికి తిప్పుతాడు. పక్కనున్న పిల్లలు, "తాతా, విమానాలు పైన కదా!" అని నవ్వుతారు.

"అక్కా, మన ఇల్లు కనబడట్లేదు" అంటాడు.

"ఎండ మెరుపురా. మళ్ళీ చూడు" అంటుంది ఉషక్క.

నాణెం సమయం అయిపోయి దూరదర్శిని టక్కున మూసుకుంటుంది. సేషూ నా వైపు చెయ్యి చాస్తాడు, ఇంకో నాణెం కోసం.